ఘాట్‌రోడ్డు చీకటి, జెనాన్ కిట్ వెలుగు: హెడ్‌లైటు మార్చినప్పుడు నిజంగా ఏం మారుతుంది?

సాలూరు దాటాక సుంకి, పొట్టంగి మీదుగా కోరాపుట్‌కు ఎక్కే 26వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట కారు నడిపేవారికి చాలా దూరం దారి చూపేది సొంత హెడ్‌లైటు ఒక్కటే. మలుపు తిరిగితే ఎదురుగా లోడు లారీ వస్తుంది, చలికాలమైతే తెల్లవారే దాకా పొగమంచు ఉంటుంది, ఊళ్ల దగ్గర పశువులు రోడ్డు మీదే పడుకుని ఉంటాయి. రాయగడ నుంచి గుణుపూర్ వెళ్లే దారిలోనూ, పర్లాకిమిడి చుట్టుపక్కల కొండదారుల్లోనూ చీకటి ఇంతకన్నా తక్కువేమీ కాదు. అందుకే బరంపురం, జయపురం, రాయగడ వంటి ఊళ్లలోని కారు యాక్సెసరీల దుకాణాల్లో జెనాన్ కిట్‌కు గిరాకీ ఉంటుంది. కంపెనీ బల్బు తీసి ఇది బిగిస్తే రాత్రి పగలైపోతుందని అమ్మేవారు చెబుతారు. ఎదురుగా వచ్చే డ్రైవరు కళ్లు చిట్లించుకుని తిట్టుకుంటాడు. సర్వీసు సెంటరువారు వారంటీ సంగతి గుర్తుచేస్తారు, రోడ్డు మీద ఆపిన పోలీసు చలానా అంటాడు. ఈ నలుగురి మాటల్లోనూ కొంత నిజముంది. ఎవరి నిజం ఎంతవరకో తేలాలంటే వెలుగు పుట్టే చోటు నుంచే మొదలుపెట్టాలి.

తీగ వెలుగు, ఆర్క్ వెలుగు

మన కార్లలో ఎక్కువగా కనిపించే హాలోజెన్ బల్బులో టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. కరెంటు పారినప్పుడు ఆ తీగ తెల్లగా కాగి వెలుగుతుంది, చుట్టూ ఉన్న హాలోజెన్ వాయువు దాని ఆయుష్షు పెంచుతుంది. చిన్న కార్లలో ఎక్కువగా వాడే హెచ్4 రకం బల్బులో రెండు తీగలుంటాయి: హైబీమ్‌కు 60 వాట్లది, డిమ్‌కు 55 వాట్లది. 13.2 వోల్టుల దగ్గర డిమ్ తీగ నుంచి సుమారు 1000 ల్యూమెన్ల వెలుగు, హైబీమ్ తీగ నుంచి సుమారు 1650 ల్యూమెన్ల వెలుగు వస్తుందని ప్రమాణాలు చెబుతాయి. ల్యూమెన్ అంటే బల్బు నుంచి అన్ని దిక్కులకూ వెళ్లే మొత్తం వెలుగు కొలత. ఆ వెలుగు ఎటు వెళ్లిందన్నది ఈ కొలతకు పట్టదు. ఈ వ్యాసంలో ముందుముందు వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది.

జెనాన్ బల్బులో తీగ ఉండదు. శనగగింజంత క్వార్ట్జ్ బుడ్డిలో రెండు ఎలక్ట్రోడ్లు కొద్ది మిల్లీమీటర్ల ఎడంతో ఉంటాయి, వాటి మధ్య జెనాన్ వాయువూ కొన్ని లోహ లవణాలూ ఉంటాయి. మొదట ఇరవై వేల వోల్టులకు పైబడిన ఒక్క దెబ్బతో వాయువులో మెరుపు పుట్టించి, తర్వాత దాన్ని స్థిరంగా మండేలా చూసే పెట్టెను బ్యాలస్ట్ అంటారు. ఆర్క్ అనే ఆ మెరుపు పూర్తి వెలుగుకు రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది. 35 వాట్లతోనే సుమారు 3200 ల్యూమెన్లు ఇస్తుంది కాబట్టి కాగితం మీద చూస్తే హాలోజెన్ దీనికి సాటి రాదు. 1991లో బీఎమ్‌డబ్ల్యూ తన 7 సిరీస్ కారులో దీన్ని మొదట తెచ్చింది. ఆ తర్వాత చాలాకాలం ఖరీదైన కార్లకు ఇదొక గుర్తుగా ఉంది. ఇప్పుడు కొత్త కార్లలో ఆ చోటును ఎల్‌ఈడీలు ఆక్రమించాయి.

దుకాణంలో జెనాన్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. గాజుకు నీలిపూత పూసి, అట్టపెట్టె మీద జెనాన్ అని పెద్ద అక్షరాలతో ముద్రించిన మామూలు హాలోజెన్ బల్బులు కొన్ని ఉంటాయి. వాటికి బ్యాలస్ట్ ఉండదు, పూత వల్ల కొంత వెలుగు తగ్గుతుంది కూడా. రెండోది ఆర్క్ వెలుగునిచ్చే హెచ్‌ఐడీ కిట్: ఆర్క్ బుడ్డిని హెచ్4, హెచ్7 వంటి హాలోజెన్ హోల్డర్లలో కూర్చునేలా చేసి, రెండు బ్యాలస్టులతో కలిపి అమ్ముతారు. మూడోది వెలుగును లెన్సు గుండా రోడ్డు మీదికి పంపే ప్రొజెక్టరుతో సహా మొత్తం అమరికనే మార్చడం. ఇక్కడి చర్చ ప్రధానంగా రెండోదాని గురించే. ఎక్కువమంది బిగించుకునేదీ, ఎక్కువ తగవులు తెచ్చేదీ అదే.

బల్బు వెనుకనున్న డూమ్ చేసే పని

బల్బు అన్ని వైపులకూ వెదజల్లే వెలుగును రోడ్డు మీద కావలసిన చోట పడేలా మలిచేది మెకానిక్కులు డూమ్ అనే హెడ్‌లైటు అమరిక, అందులోని అద్దపు గిన్నె, అంటే రిఫ్లెక్టరు. ఒక హెచ్4 బల్బును చేతిలోకి తీసుకుని చూస్తే సంగతి తెలుస్తుంది. ముందువైపు ఉన్న డిమ్ తీగ కింద బొటనవేలి గోరు కన్నా చిన్నదైన లోహపు దొప్ప ఒకటి ఉంటుంది. తీగ నుంచి కిందికి వెళ్లే వెలుగును ఆ దొప్ప ఆపేస్తుంది, పైకి వెళ్లే వెలుగు మాత్రమే రిఫ్లెక్టరు పైసగాన్ని తాకి రోడ్డు మీదికి వంగుతుంది. దొప్ప లేకపోతే రిఫ్లెక్టరు కిందిసగం కూడా వెలుగు అందుకుని దాన్ని పైకి, అంటే ఎదుటివారి కళ్లలోకి విసురుతుంది. దొప్ప అంచు ఒక పక్క కొద్దిగా ఏటవాలుగా కోసి ఉంటుంది. గోడ మీద డిమ్ వెలుగు పడినప్పుడు కుడిపక్క అడ్డంగా ఉండి ఎడమపక్క మెల్లగా పైకి లేచే గీత కనిపించేది ఆ కోత వల్లనే. మనం ఎడమవైపు నడుపుతాం కాబట్టి ఎడమ అంచున ఉన్న పాదచారి, సైకిలు, మైలురాయి కనబడాలి, కుడివైపు ఎదురొచ్చే డ్రైవరు కళ్లు మాత్రం గీతకు పైన చీకట్లో ఉండాలి.

ఈ ఏర్పాటంతా తీగ ఫలానా చోట, ఫలానా పొడవున, ఫలానా లావున ఉంటుందన్న లెక్కతో చేసినది. ఆర్క్ తీగలా తిన్నగా ఉండదు, పైకి కొద్దిగా వంగి ఉంటుంది. రెండు కొసల దగ్గరా మెరుపు ఎక్కువ, చుట్టూ బుడ్డి అంతా కూడా కొంత వెలుగుతూ ఉంటుంది. హెచ్4 కిట్లలో ఒకే బుడ్డిని విద్యుదయస్కాంతం ముందుకూ వెనక్కూ జరిపి డిమ్, హైబీమ్ రెండూ ఇప్పిస్తారు, దొప్ప స్థానంలో రేకు గొట్టం లాంటిది పెడతారు. తయారీలో ఒక మిల్లీమీటరు తేడా వచ్చినా గోడ మీది గీత చెదిరిపోతుంది. ఒకరి కళ్లజోడు మరొకరు పెట్టుకుంటే అద్దాలు ఎంత మంచివైనా చూపు కుదరనట్టే ఇది.

జెనాన్ హెడ్‌లైటును రూపొందించినవారికి ఈ సంగతి తెలియకపోలేదు. కార్ల కంపెనీలు వాడే అసలు జెనాన్ బల్బుల్లో డీ2ఎస్ అనే రకం ప్రొజెక్టరు లెన్సు ఉన్న డూమ్‌లకు, డీ2ఆర్ అనే రకం రిఫ్లెక్టరు డూమ్‌లకు ఉద్దేశించినవి. రెండోదాని బుడ్డి మీద నల్లని పూతపట్టీలు ఉంటాయి, వెలుగు వెళ్లకూడని దిక్కుల్ని మూయడానికే. ఆ పట్టీల వల్ల వెలుగు 3200 నుంచి 2800 ల్యూమెన్లకు తగ్గుతుంది. ఆ నష్టానికి కంపెనీలే ఒప్పుకున్నాయంటే, గీత చెదరకుండా ఉండటాన్ని అవి ఎంత ముఖ్యంగా చూశాయో తెలుస్తుంది.

మూడు రెట్ల వెలుగు ఎక్కడికి పోతుంది

ఐరోపా పద్ధతి హాలోజెన్ నిబంధనల్లో చాలాకాలం వాడిన కొలత ఒకటుంది. డూమ్‌కు 25 మీటర్ల దూరంలో తెర పెట్టి దాని మీద బిందువులు గుర్తిస్తారు. ఒక చోట పడే వెలుగును లక్స్‌లలో కొలుస్తారు. ఎదురొచ్చే డ్రైవరు కన్ను ఉండే దిక్కును సూచించే బిందువు దగ్గర వెలుగు 0.4 లక్స్ మించకూడదు. మనవైపు రోడ్డు అంచున 75 మీటర్ల దూరాన్ని సూచించే బిందువు దగ్గర కనీసం 12 లక్స్ ఉండాలి. తెర మీద ఈ రెంటికీ మధ్య ఎత్తులో తేడా అర మీటరే, కానీ వెలుగులో తేడా 30 రెట్లు. ఇప్పుడు అదే డూమ్‌లో 1000 ల్యూమెన్ల డిమ్ తీగ తీసి 3200 ల్యూమెన్ల ఆర్క్ పెట్టామనుకుందాం. వెలుగు పంచుకునే తీరు అణుమాత్రం మారలేదని ఉదారంగా ఒప్పుకున్నా, ఎదుటివారి కంటి దగ్గర 0.4 కాస్తా దాదాపు 1.3 లక్స్ అవుతుంది. తీరు కూడా చెదిరితే ఎంతవుతుందో బల్బు బల్బుకూ డూమ్ డూమ్‌కూ వేరు. ఆ వేరే అసలు సమస్య, దాన్ని ఎవరూ కొలిచి అమ్మరు.

ఇక నడిపేవారికి దక్కేది చూద్దాం. హెడ్‌లైటు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తున ఉండి, డిమ్ గీతను నూటికి ఒక వంతు కిందికి దించి అమర్చారనుకోండి. పది మీటర్లకు పది సెంటీమీటర్లు దిగే ఆ గీత 70 మీటర్ల దగ్గర రోడ్డును తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 16.7 మీటర్లు. రోడ్ల రూపకల్పనలో వాడే రెండున్నర సెకన్ల స్పందన సమయం తీసుకుంటే బ్రేకు మీద కాలు పడేలోపే 42 మీటర్లు పోతాం. టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ 0.35 అనుకుంటే బ్రేకు పట్టాక మరో 40 మీటర్లు. మొత్తం 82 మీటర్లు. అంటే చదును రోడ్డు మీద 60లో వెళ్తున్నా డిమ్ గీత చూపించే దూరం ఆగడానికి చాలదు. ఎడమ అంచున పైకి లేచే భాగమే కొంత ఆదుకుంటుంది. గీత ఎక్కడ తెగుతుందన్నది డూమ్ వంపు నిర్ణయిస్తుంది కాబట్టి, గీత చెదరనంతవరకు ఎంత పెద్ద బల్బు పెట్టినా ఆ 70 మీటర్లు 100 కావు. ఆ లోపలి నేల మాత్రం ఇంకా తెల్లగా అవుతుంది.

ఇక్కడే కన్ను మోసపోతుంది. కారు ముందు పది ఇరవై మీటర్ల నేల ధగధగలాడితే కనుపాప ముడుచుకుని, దూరాన ఉన్న మసక వస్తువు ఇంకా మసకబారుతుంది. నడిపేవారికి మాత్రం లైటు బ్రహ్మాండంగా ఉందనిపిస్తుంది. కిట్ బిగించుకున్నవారు బాగా కనిపిస్తోందని చెప్పేది అబద్ధం కాదు. దగ్గర రోడ్డు, పక్క గుంటలు, మలుపు లోపలి అంచు నిజంగానే బాగా కనిపిస్తాయి, గంటకు 30 కిలోమీటర్లకు మించని ఘాట్ మలుపుల్లో అది పనికొచ్చే మేలే. దూరం కూడా పెరిగిందని చెప్పినవారి విషయంలో మాత్రం సాధారణంగా జరిగేది గీత పైకి చెదరడమే. ఆ దూరపు వెలుగు ఎదుటివారి కంటి మీదుగా పోయి చేరినదే.

కారు లోడు ఎక్కినప్పుడు లెక్క మరీ మారుతుంది. ముందు వెనుక చక్రాల మధ్య దూరం రెండున్నర మీటర్లున్న కారులో వెనక సీట్లో ముగ్గురు కూర్చుని, డిక్కీలో పెళ్లి సామాను పెట్టి, వెనకభాగం 5 సెంటీమీటర్లు కుంగిందనుకుందాం. రెండున్నర మీటర్లకు 5 సెంటీమీటర్లంటే నూటికి రెండు వంతులు. ఒక వంతు కిందికి ఉండాల్సిన గీత ఇప్పుడు ఒక వంతు పైకి లేస్తుంది. 50 మీటర్ల దూరంలో అది 70 సెంటీమీటర్లకు మరో 50 కలిపి 1.2 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. మన రోడ్ల ప్రమాణాల్లో కారు డ్రైవరు కంటి ఎత్తుగా తీసుకునేది సరిగ్గా ఆ 1.2 మీటర్లే. అప్పుడు హాలోజెన్ అయినా కళ్లలో కొడుతుంది, మూడు రెట్ల వెలుగైతే మూడు రెట్లు కొడుతుంది. డాష్‌బోర్డు మీద సున్నా నుంచి మూడు దాకా అంకెలుండే చిన్న చక్రం ఇందుకే ఉంది. దాన్ని తిప్పేవారు ఎంతమందో మనకు తెలిసిందే.

కంపెనీ కార్లకు జెనాన్ ఉన్నప్పుడు మనకెందుకు కూడదు

కిట్ వాడేవారు వేసే ప్రశ్నల్లో ఇది న్యాయమైనది. దీనికి జవాబు ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 48వ దానిలో ఉంది. డిమ్ వెలుగునిచ్చే బల్బు 2000 ల్యూమెన్లు మించితే లోడును బట్టి డూమ్ తనంతట తాను పైకీ కిందికీ సర్దుకునే ఏర్పాటూ, హెడ్‌లైటు అద్దాన్ని కడిగే ఏర్పాటూ ఉండాలని అది కోరింది. మొదటిది పై లెక్కలోని పెళ్లి సామానుకు జవాబు. రెండోది బురదకు జవాబు: అద్దం మీద పట్టిన మట్టి వెలుగును అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది, వెలుగు ఎంత ఎక్కువైతే చెదిరేదీ అంత ఎక్కువ. కంపెనీ జెనాన్ కారులో బంపరు పక్కన చిన్న మూతల కింద దాగి ఉండే నీటి జెట్లు, ఇరుసు దగ్గర ఎత్తును కొలిచే సెన్సర్లు ఇందుకే ఉంటాయి. అంటే ఆ కారులో కొన్నది ఒక బల్బును కాదు, బల్బుకు తగిన డూమ్‌ను, డూమ్‌కు తగిన సెన్సర్లను కలిపి కొన్నారు. కిట్ పెట్టెలో వచ్చేది వాటిలో మొదటిది మాత్రమే.

కొత్త కారు వైరింగులో వచ్చే చిక్కు

పాత అంబాసిడరులోనో జీపులోనో హెడ్‌లైటు స్విచ్చి నొక్కితే తీగ వెంట కరెంటు వెళ్లి బల్బు వెలిగేది, అంతకు మించి కథ లేదు. ఈ పదిపదిహేనేళ్ల కార్లలో స్విచ్చి నేరుగా బల్బును వెలిగించదు. స్విచ్చి నొక్కిన సంగతి బాడీ కంట్రోల్ మాడ్యూల్ అనే చిన్న కంప్యూటరుకు వెళ్తుంది, అది ఎలక్ట్రానిక్ స్విచ్చి ద్వారా బల్బుకు కరెంటు పంపుతుంది, పంపుతూ ఎంత కరెంటు పోతోందో చూసుకుంటుంది. 55 వాట్ల బల్బు 13.2 వోల్టుల దగ్గర సుమారు 4.2 ఆంపియర్లు లాగాలి. ఆర్క్ అంటుకునే క్షణంలో బ్యాలస్ట్ అంతకు బాగా ఎక్కువ లాగుతుంది, నిలకడకు వచ్చాక మూడు ఆంపియర్ల చిల్లరకు దిగుతుంది. మొదటిదాన్ని చూసి కంప్యూటరు షార్టు అయిందనుకోవచ్చు, రెండోదాన్ని చూసి బల్బు పోయిందనుకోవచ్చు. డాష్‌బోర్డు మీద బల్బు గుర్తు వెలగడం, ఒక పక్క లైటు కాసేపటికి ఆరిపోవడం, బండి ఆపి మళ్లీ తీస్తే బాగుపడటం వంటి ఫిర్యాదులకు మూలం చాలాసార్లు ఇదే.

కొన్ని కార్లలో ఇంకో మెలిక ఉంది. బల్బు ఆయుష్షు కోసం, లేదా అదే బల్బును పగటి దీపంగా మసకగా వాడటం కోసం, కంప్యూటరు కరెంటును ధారగా కాక సెకనుకు ఎన్నోసార్లు ఆపి ఆపి పంపుతుంది. తీగ వేడి అంత త్వరగా తగ్గదు కాబట్టి మన కంటికి తేడా తెలియదు. బ్యాలస్టుకు మాత్రం అది ప్రతిసారీ కరెంటు పోయి వచ్చినట్టే, అందుకే లైటు మిణుకుమంటుంది. దీనికి విరుగుడుగా క్యాన్‌బస్ అని పేరు పెట్టి ఇంకో పెట్టె అమ్ముతారు. అందులో ఎక్కువగా ఉండేది ఆగి ఆగి వచ్చే కరెంటును నిలకడ చేసే కెపాసిటరు. కొన్నిటిలో, ముఖ్యంగా ఎల్‌ఈడీ బల్బులతో ఇచ్చేవాటిలో, కరెంటు తక్కువ లాగుతోందన్న అనుమానం రాకుండా ఊరికే కరెంటు తాగే రెసిస్టరు ఉంటుంది. 6 ఓమ్‌ల రెసిస్టరు మీద 13.2 వోల్టులు పడితే 29 వాట్ల వేడి పుడుతుంది. చేత్తో ముట్టుకోలేనంత వేడెక్కే ఆ ముక్కను మెకానిక్కు బంపరు వెనక ప్లాస్టిక్కుకు ట్యాగుతో కట్టేసి వెళ్తే ఏమవుతుందో ఊహించవచ్చు.

బల్బు వెనకనున్న రబ్బరు మూత సంగతి ఎవరూ మాట్లాడరు కానీ ఈ ప్రాంతానికి అది పెద్దదే. కిట్ వైర్లు బయటికి తీయడానికి ఆ మూతకు రంధ్రం చేస్తారు. రంధ్రంలో రబ్బరు బిరడా సరిగా కూర్చోకపోతే ఆషాఢం, శ్రావణం వచ్చేసరికి డూమ్ లోపల ఆవిరి పడుతుంది, రిఫ్లెక్టరు మీది వెండిపూత మచ్చలు తేలుతుంది. తర్వాత కిట్ తీసేసి పాత బల్బు పెట్టినా వెనకటి వెలుగు రాదు. నాసిరకం బుడ్డీలతో మరో నష్టం ఉంది. ఆర్క్ నుంచి అతినీలలోహిత కిరణాలు కూడా వస్తాయి. అసలు జెనాన్ బల్బులకు వాటిని ఆపే వెలుపలి గాజు ఉంటుంది, అది లేని బుడ్డి డూమ్ ముందుండే ప్లాస్టిక్ అద్దాన్ని కాలక్రమంలో పసుపు పట్టిస్తుంది.

ఇవన్నీ ప్రతి కారులోనూ జరుగుతాయని కాదు. సాదా వైరింగున్న కారులో మంచి బ్యాలస్టులు పెట్టుకుని ఏళ్ల తరబడి ఏ గొడవా లేకుండా తిరిగేవారున్నారు. వైరింగు గొడవ లేకపోవడమూ ఎదుటివారి కళ్లకు గొడవ లేకపోవడమూ మాత్రం వేర్వేరు విషయాలు.

రంగు గురించి రెండు మాటలు, పొగమంచు గురించి ఇంకో మాట

కిట్ పెట్టె మీద ఉండే 4300, 6000, 8000 అంకెలు కెల్విన్‌లలో చెప్పే వెలుగు రంగు, బలం కాదు. హాలోజెన్ 3200 చుట్టుపక్కల పసుపు కలిసిన తెలుపు. కంపెనీ జెనాన్ 4100 నుంచి 4300 దాకా. 6000 దాటితే నీలి ఛాయ మొదలై, 8000 దగ్గర నీలంగానే కనిపిస్తుంది. అంకె పెరిగేకొద్దీ ఉపయోగపడే వెలుగు తగ్గుతుంది, ఎదుటివారి కంటికి గుచ్చుకోవడం పెరుగుతుంది. కౌంటరు దగ్గర నిజంగా అమ్ముడుపోయేది మాత్రం ఆ నీలి ఛాయే అన్నది నా అనుమానం.

పొగమంచుకు పసుపు వెలుగే మందు అన్న నమ్మకానికి పాత చరిత్ర ఉంది. ఫ్రాన్స్‌లో 1993 దాకా కార్లకు పసుపు హెడ్‌లైట్లే ఉండేవి. మంచు బిందువులు వెలుగు తరంగాల కన్నా చాలా పెద్దవి కాబట్టి అవి అన్ని రంగుల్నీ దాదాపు సమంగానే చెదరగొడతాయి. పసుపు మేలంతా కంటికి హాయిగా ఉండటంలోనే. పొట్టంగి దగ్గర జనవరి తెల్లవారుజామున తేడా చూపేది రంగు కన్నా వెలుగు ఎత్తు. గీతకు పైకి చెదిరిన వెలుగంతా మంచు తెరను తాకి తిరిగి నడిపేవారి కళ్లలోనే పడుతుంది. చెదిరిన జెనాన్ కిట్ సొంతదారుకు కూడా నష్టం చేసే సందర్భం ఇదొకటి.

చట్టం ఏమంటుంది, వాదనకు ఎక్కడ చోటుంది

రాయగడలో రిజిస్టరైన ఓడీ 18 కారు పార్వతీపురం వైపు దిగినా, విజయనగరం కారు కోరాపుట్‌కు ఎక్కినా వర్తించేది ఒకే కేంద్ర చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు మొదట పేర్కొన్న వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారిపోయేలా యజమాని వాహనాన్ని మార్చకూడదంటుంది. ఇక్కడ ఒక వాదన ఉంది: ఆర్‌సీలో బల్బు రకం రాసి ఉండదు కదా, అలాంటప్పుడు బల్బు మారిస్తే ఏ వివరం మారినట్టు? వినడానికి బాగానే ఉన్నా రెండు చోట్ల ఇది బలహీనపడింది. 2019 జనవరిలో, కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో, తయారీదారు ఇచ్చిన నమూనా పరీక్షించి ఆమోదించిన స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షను నాలుగో ఉపవిభాగం, అనుమతి లేని తీరులో విడిభాగాలు బిగించుకోవడాన్ని కూడా పేరుపెట్టి చేర్చింది. శిక్ష ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ.

వీటన్నిటినీ పక్కన పెట్టినా మిగిలేది 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వది. ముందుకు వెలుగు చూపే ఏ దీపమైనా, దానికి 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి మిరుమిట్లు గొలపనంతగా శాశ్వతంగా కిందికి వంగి ఉండాలని అది చెబుతుంది. ఇందులో జెనాన్ పేరు లేదు, హాలోజెన్ పేరు లేదు. గీత తప్పిన కంపెనీ హాలోజెన్ కూడా దీనికి విరుద్ధమే. ఆ మాటకొస్తే డూమ్ సరిచేసుకోని పాత లారీ కూడా విరుద్ధమే, ఆపేది మాత్రం తెల్లగా మెరిసే కారునే అన్న ఫిర్యాదులో అబద్ధం లేదు.

వారంటీ, బీమాల విషయం కాగితాన్ని బట్టి ఉంటుంది. అనుమతి లేని అమరికల వల్ల వచ్చిన విద్యుత్ లోపాలను వారంటీ నుంచి మినహాయించడం కంపెనీల సాధారణ షరతు. వైరింగులో మంటలు వచ్చినప్పుడు సర్వేయరు మొదట చూసేది కోసి అతికించిన తీగల్నే.

ఎవరి మాటకు ఎంత బరువు

కిట్ వాడేవారి వైపు నుంచి బలమైన మాట ఒకటుంది: చౌక కార్లతో వచ్చే హాలోజెన్ డిమ్ నిజంగానే చాలదు. 70 మీటర్ల లెక్క పైనే చూశాం. ఖరీదైన మోడల్‌లో ఉండే భద్రత చౌక మోడల్ కొన్నవారికి ఎందుకు ఉండకూడదన్న ప్రశ్నకు కంపెనీలు ఇచ్చే జవాబు ధర ఒక్కటే. ఎదుటివారంతా హైబీమ్ మీదే వస్తారు, డిప్పర్ కొట్టినా దించరు అన్నదీ నిజమే. కానీ ఎదుటి హైబీమ్‌కు మన బలమైన డిమ్ విరుగుడు కాదు. మిరుమిట్లు గొలిపిన కంట్లో వెలుగు చెదిరి ఏర్పడే తెరను మన లైటు తొలగించలేదు. కిట్ వద్దనేవారి వైపు బలమైన మాట లెక్కలో ఉంది: ఎదుటి డ్రైవరు చూపు కోలుకోవడానికి రెండు సెకన్లు పట్టిందనుకున్నా, 60 వేగంలో అతను 33 మీటర్లు గుడ్డిగా వస్తాడు, వచ్చేది మన వైపుకే. వయసు మీరినవారికీ, శుక్లం మొదలైన కళ్లకూ ఆ సమయం ఇంకా ఎక్కువ.

ఎత్తైన బండ్ల నుంచి వచ్చే చట్టబద్ధమైన మిరుమిట్లు ఈ రెండు పక్షాల వాదనల్లోనూ ఇమడవు. డిమ్ దీపాన్ని నేల నుంచి 1.2 మీటర్ల ఎత్తు దాకా అమర్చడానికి ప్రమాణాలు ఒప్పుకుంటాయి. అది చిన్న కారు డ్రైవరు కంటి ఎత్తు. అన్నీ సరిగ్గా ఉన్న పెద్ద ఎస్‌యూవీ వెనక నుంచి వచ్చి అద్దంలో కొడితే ఎవరి మీదా కేసు ఉండదు.

మధ్యదారులుగా చెప్పుకునేవి

అన్నిటికన్నా తక్కువ చర్చకు వచ్చేది వోల్టేజి. హాలోజెన్ వెలుగు వోల్టేజితో పాటు సమంగా తగ్గదు, దాదాపు మూడున్నర ఘాతంతో పడిపోతుంది. తుప్పు పట్టిన కనెక్టరు వల్ల బల్బు దగ్గర 13.2కు బదులు 12 వోల్టులే అందితే వెలుగు నూటికి 28 వంతులు పోతుంది. దాని మీద మసకబారిన డూమ్ అద్దం, ఏనాడో తప్పిన గీత కలిస్తే, కంపెనీ లైటు చాలదన్న తీర్పు కంపెనీ లైటు మీద కాక దాని పాడైన రూపం మీద ఇచ్చినదవుతుంది. 100/90 వాట్ల బల్బులు పెట్టడం ఇంకో పాత అలవాటు. అవి ఒక్కోటి ఏడు ఆంపియర్లకు పైగా లాగుతాయి, ఆ బరువు మోయడానికి చేసినవి కావు కొత్త కారు తీగలూ ఎలక్ట్రానిక్ స్విచ్చిలూ.

ప్రొజెక్టరుతో సహా మార్చుకుంటే గోడ మీద గీత కత్తితో కోసినట్టు వస్తుంది. వెలుగు పంపకం దృష్టితో ఇది వట్టి కిట్ కన్నా చాలా మెరుగు, తెలిసిన మెకానిక్కులు దీన్నే సమర్థిస్తారు. అయితే డూమ్‌ను వేడిచేసి విప్పి మళ్లీ అతికించాలి, లోడుకు సర్దుకునే సెన్సర్లు అప్పటికీ రావు, చట్టం దృష్టిలో అది కూడా కంపెనీ ఆమోదం లేని మార్పే.

ఇప్పుడు దుకాణాల్లో జెనాన్ కన్నా ఎక్కువ అమ్ముడవుతున్న ఎల్‌ఈడీ బల్బుల విషయంలోనూ ప్రశ్న ఇదే: చిప్పులు తీగ ఉన్న చోటే ఉన్నాయా, తీగంత సన్నగా ఉన్నాయా. హాలోజెన్ డూమ్‌లో పెట్టే ఎల్‌ఈడీ బల్బులు కొన్నింటికి జర్మనీ 2020 నుంచి అనుమతి ఇస్తోంది, కానీ ఇచ్చే పద్ధతి గమనించదగినది. బల్బుకు మొత్తంగా అనుమతి ఉండదు. ఫలానా కారు ఫలానా మోడల్ డూమ్‌లో పరీక్షించి, గీతా మిరుమిట్లూ హద్దులో ఉన్నాయని తేలాకే ఆ మోడల్ పేరు పట్టికలో చేరుతుంది. పట్టికలో లేని మోడల్‌లో అదే బల్బు పెడితే అక్కడ అది నేరమే. ఆ పట్టికలో మన కారు మోడల్ పేరు కనిపించినా ఒడిశా రోడ్డు మీద ఆ అనుమతి చెల్లదు. అక్కడ పరీక్షించింది కుడివైపు నడిచే రోడ్ల కోసం, గీత ఎడమకు కాక కుడికి లేచే డూమ్‌తో.